వనువాటు దీవిలో 120 ఇళ్లకు సోలార్ కరెంటు: బ్యాటరీ ఎంత పెట్టాలి?

గుంటూరు_సోలార్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మాది గుంటూరు అరండల్‌పేట. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి ఆరేళ్లుగా రూఫ్‌టాప్ సోలార్ పని చేస్తున్నాను. ఇళ్ల మీద మూడు కిలోవాట్లు, అపార్ట్‌మెంట్ల మీద పదో ఇరవయ్యో, ఒకే ఒక్కసారి ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ మీద వంద. అన్నీ గ్రిడ్‌కి కలిపినవే. బ్యాటరీ అంటే మా ఇంట్లో మెట్ల కింద ఉన్న ఇన్వర్టర్‌ది తప్ప ఇంకోటి ముట్టుకోలేదు.

ఇప్పుడు ఒక సహాయ సంస్థ తరఫున వనువాటులో రెండేళ్ల పని వచ్చింది. వచ్చే నెలాఖరుకి ప్రయాణం. ఆ దేశం ఎక్కడుందో మ్యాప్ చూస్తే గానీ నాకూ తెలియలేదు. ఆస్ట్రేలియాకి తూర్పున, ఫిజీకి పడమర, పసిఫిక్‌లో ఎనభై దాకా దీవులు. జనమంతా కలిపితే మూడు లక్షలు, మన గుంటూరు సిటీలో సగం కూడా లేరు. రాజధాని పోర్ట్ విలాలోనూ, లుగాన్‌విల్ అనే రెండో పట్నంలోనూ కరెంటు బాగానే ఉంది. బయటి దీవుల్లో చాలాచోట్ల ఇంటికో చిన్న ప్యానెల్, ఒక లాంతరు, ఫోన్ చార్జర్, అంతే. 2030కల్లా కరెంటంతా ఎండ, గాలి, నీళ్ల లాంటి వాటి నుంచే రావాలని ఆ దేశం లక్ష్యం పెట్టుకుంది. (ఫిజీ పక్కన అని మా నాయనమ్మకి చెప్పడం నేను చేసిన తప్పు. 'వెనక మనవాళ్లు మద్రాసులో ఓడెక్కి ఫిజీ చెరుకు తోటలకి పోయి మళ్లీ రాలేదురా' అని రోజూ ఒకసారి గుర్తు చేస్తోంది.)

నాకిచ్చిన ఊళ్లో 120 ఇళ్లు, బడి, చర్చి, టీకాల ఫ్రిజ్ పెట్టాల్సిన చిన్న ఆరోగ్య కేంద్రం, రెండు కొట్లు ఉన్నాయి. బతుకు కొబ్బరి కురిడీ మీద, చేపల మీద. చేపలకి రెండు పెద్ద ఫ్రీజర్లు కావాలని వాళ్ల కోరిక. ఇప్పుడున్నది 30 కేవీఏ, అంటే 24 కిలోవాట్ల డీజిల్ జనరేటర్. సాయంత్రం ఆరు నుంచి పది దాకా తిప్పుతారు, అదీ డీజిల్ ఉన్న వారం. డ్రమ్ములు ఓడలో వస్తాయి. జెట్టీ లేదు కాబట్టి చిన్న పడవల్లోకి దించి, ఒడ్డున ఇసుకలో దొర్లించుకుంటూ తెచ్చుకుంటారు.

కన్సల్టెంట్ ఇచ్చిన రిపోర్టు ఇలా ఉంది: వాడకం రోజుకి 90 యూనిట్లు, 30 కిలోవాట్ల ప్యానెళ్లు, మూడు రోజులు ఎండ లేకపోయినా ఆగకుండా 270 యూనిట్ల లిథియం బ్యాటరీ. జనరేటర్ పీకెయ్యాలి. డబ్బులో సగానికి పైగా బ్యాటరీకే పోతోంది. ఊరి పెద్దలేమో 'లెడ్ బ్యాటరీ చవక కదా, పక్క దీవి బడిలో అదే పెట్టారు' అంటున్నారు.

నేను చదివినంతలో పసిఫిక్‌లోనే రెండు చోట్ల ఈ పని చేసి చూపించారు. టోకెలావ్‌లో 2012లో మూడు పగడపు దీవులకీ సోలార్ పెట్టారు. దాదాపు పదిహేను వందల మందికి నాలుగు వేల ప్యానెళ్లు, పదమూడు వందల పైచిలుకు లెడ్ బ్యాటరీలు. అమెరికన్ సమోవాలోని తాఊ దీవిలో 2016లో 1.4 మెగావాట్ల ప్యానెళ్లు, 6,000 యూనిట్ల లిథియం బ్యాటరీ పెట్టారు. అక్కడ కూడా మూడు రోజులు ఎండ లేకపోయినా నడుస్తుందంటారు. ఈ రెండింటిలో మాకు ఏ దారి సరిపోతుంది? టెన్షన్‌గా ఉంది, పని తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_బ్యాటరీ

తమ్ముడూ, మాది విజయవాడ ఆటోనగర్. ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. మొదట లారీ బ్యాటరీలు, తర్వాత ఇన్వర్టర్లు, ఇప్పుడు లిథియం. పసిఫిక్ నేను చూడలేదు. మా నాన్నది నాగాయలంక, అందుకని ఉప్పుగాలి సంగతి మాత్రం చెప్పగలను.

ముందు నీ రిపోర్టులో లెక్క చూడు. ముప్ఫై కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండ రోజున వంద యూనిట్లు ఇస్తాయనుకో. నాలుగున్నర గంటల నిండు ఎండ వేసుకుని పావు వంతు నష్టాల కింద తీసేశాను. వాడకం తొంభై. రోజుకి మిగిలేది పది. మూడు రోజులు ముసురు పట్టి 270 యూనిట్లూ అయిపోయాయి. మళ్లీ ఎప్పటికి నిండుతుంది? ఇరవై ఏడు రోజులకి, అదీ మధ్యలో ఒక్క మబ్బు రోజు కూడా లేకుండా! పెద్ద గాబు కట్టించి సన్న కుళాయి తిప్పినట్టుంది. ఆ రిపోర్టు రాసినాయన గాబు కొలిచాడు గానీ కుళాయి సంగతి చూడలేదు.

నేనైతే తిరగేస్తాను. ఈ రోజుల్లో ప్యానెల్ చవక, బ్యాటరీ ఖరీదు. ప్యానెళ్లు యాభై కిలోవాట్లు పెట్టు. ఎండ రోజు 165 దాటి వస్తాయి, నీరెండ రోజున కూడా నలభై యాభై రాలతాయి. బ్యాటరీ 120 చాలు. రాత్రికి సరిపోగా ఇంకాస్త మిగులుతుంది. మరి మూడో రోజు మబ్బుకి ఏం చేస్తావంటావా? ఆ జనరేటర్ని పీకనివ్వకు. నువ్వు చెప్పిన టోకెలావ్‌లో కూడా జనరేటర్లు పారెయ్యలేదు, మబ్బు రోజుల కోసం ఉంచుకున్నారు. ఏడాదికి పది పదిహేను సార్లు వచ్చే మబ్బు కోసం 150 యూనిట్ల లిథియం కొని, మిగతా 350 రోజులు దానికి దండం పెట్టుకుంటూ కూర్చుంటావా?

కాకపోతే జనరేటర్ తిప్పే పద్ధతి మార్చాలి. ఇప్పుడు దాని మీద ఐదు కిలోవాట్లకి మించి లోడు ఉండదు. ఇరవై నాలుగు కిలోవాట్ల ఇంజిన్‌ని ఐదు మీద తిప్పితే ఏమవుతుందో మా వీధిలో ఏ మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. డీజిల్ పూర్తిగా మండదు, సైలెన్సర్ నుంచి నల్లగా నూనె కారుతుంది, ఇంజిన్ పాడవుతుంది. యూనిట్‌కి అర లీటరు పైనే తాగుతుంది. అదే ఇంజిన్‌ని ముప్పావు లోడు మీద నాలుగు గంటలు తిప్పి బ్యాటరీ నింపుకుని ఆపేస్తే యూనిట్‌కి లీటరులో మూడో వంతు కూడా పట్టదు. ఇరవై రెండు లీటర్లకి డెబ్భై యూనిట్లు. జనరేటర్ రాత్రంతా మూలగక్కర్లేదు, బ్యాటరీకి అన్నం పెట్టి పడుకుంటే చాలు.

ఇక తాఊ సంగతి. అక్కడ ఉండేది దాదాపు ఆరొందల మంది. నీ 120 ఇళ్లకి మనిషి లెక్క వేసుకున్నా అంతే. మరి వాళ్లకి 6,000 యూనిట్లు, నీకు 120 ఏమిటి? అది అమెరికా కింద ఉన్న దీవి, ఇళ్లలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు ఉంటాయి. నీ ఊళ్లో నాలుగు బల్బులు, ఫోను, ఫ్యాను. జనం తలలు లెక్కపెట్టి బ్యాటరీ కొనకూడదు, రాత్రి ఏమేం వెలుగుతాయో లెక్కపెట్టాలి. కన్సల్టెంట్ 90 అన్నాడు సరే, ఇల్లిల్లూ తిరిగి నువ్వు రాసుకో. మొదటి ఏడాది 60 కూడా ఉండదని నా అనుమానం, మూడో ఏడాదికి 90 దాటుతుందని నమ్మకం. కరెంటు వచ్చిన ఇంట్లో టీవీ రాకుండా ఎప్పుడైనా ఆగిందా? అందుకే బ్యాటరీ తర్వాత కలుపుకునేలా ర్యాకుల్లో పెట్టు, డబ్బులు అన్నీ మొదటి రోజే పెట్టకు.

లెడ్డా లిథియమా అన్నావు. నేను లెడ్ అమ్ముకుని ఇల్లు కట్టుకున్నవాణ్ని, అయినా చెప్తున్నా, అక్కడికి లిథియమే తీసుకెళ్లు. అందులోనూ ఐరన్ ఫాస్ఫేట్ రకం. కారణం నీ ప్రశ్నలోనే ఉంది: జెట్టీ లేదు. లెడ్‌లో సగానికి మించి వాడకూడదు కాబట్టి 120 కావాలంటే 240 పెట్టాలి. రెండు వోల్టుల పెద్ద సెల్స్ నలభై ఎనిమిది, ఒక్కోటి నూట డెబ్భై ఎనభై కిలోలు, నిండా యాసిడ్. ఎనిమిది టన్నుల సరుకుని అలల్లో పడవ మీద నుంచి దించుతావా? లిథియం ఐదు యూనిట్ల పెట్టె యాభై కిలోల లోపు ఉంటుంది. ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుంటే ఒడ్డుకి వచ్చేస్తుంది. అలాంటివి ఇరవై నాలుగు చాలు.

రెండో కారణం నీళ్లు. లెడ్‌లో ట్యూబులర్ రకానికి డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. బెజవాడ నడిబొడ్డున, ఏ కొట్లోనైనా క్యాను దొరికే చోటే, మా కస్టమర్లు సగం మంది కుళాయి నీళ్లు పోస్తారు. 'మినరల్ వాటరే పోశానండీ' అని గర్వంగా చెప్పేవాళ్లు ఇంకో పావు. ఆ దీవిలో నెలనెలా క్యాను ఎవరు తెస్తారు? పైగా వేడి. ఇరవై ఐదు డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకీ లెడ్ బ్యాటరీ ఆయుష్షు సగం అవుతుంది. ఐదేళ్లు అన్నది రెండున్నరేళ్లలో చచ్చి, చచ్చిన ఎనిమిది టన్నుల సీసం ఊళ్లోనే పడి ఉంటుంది. ఇక్కడైతే పాత బ్యాటరీ పట్టుకెళ్లడానికి ఇంటి ముందుకే వస్తారు. అక్కడ ఎవరొస్తారు?

లిథియానికీ ఒక రోగం ఉంది, దాచను. లెడ్ బ్యాటరీ ముసలివాడిలా మెల్లగా తగ్గుతూ పోతుంది, మనకి తెలుస్తుంది. లిథియంలో లోపలి బోర్డు చెడితే ఉన్నట్టుండి గుడ్లు తేలేస్తుంది. సెల్స్ బాగానే ఉంటాయి, బోర్డు తలుపు మూసేస్తుంది. కాబట్టి రెండు స్పేరు బోర్డులు, ఒక స్పేరు పెట్టె మొదటి ఓడలోనే వెళ్లాలి. ఇన్వర్టర్ కూడా యాభై కిలోవాట్లది ఒక్కటి తీసుకోకు. చిన్నవి మూడు నాలుగు పక్కపక్కన పెట్టు. ఒకటి పోతే ఊళ్లో ఫ్యాన్లు ఆగుతాయి గానీ బల్బులు ఆగవు.

ఉప్పుగాలి: దివిసీమలో రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ల స్టార్టర్ పెట్టెలు రిపేరుకి వస్తుంటాయి. రెండేళ్లకే లోపల బోర్డులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ఫ్యాను పెట్టి బయట గాలి లోపలికి లాగే ఇన్వర్టర్ సముద్రం పక్కన వద్దే వద్దు. మూసి ఉండి, ఫ్యాను లేకుండా ఒంటి మీది లోహపు రెక్కలతో చల్లబడేది తీసుకో. బోల్టులు 316 రకం స్టీలువి. 304 తీసుకుని డబ్బు మిగిలిందని సంతోషించకు.

చివరిది ఎత్తు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు అక్కడ నేను అమ్మిన ఇన్వర్టర్లు నలభై పైనే ఉండి ఉంటాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఇన్వర్టర్ అక్కరకొచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అన్నీ గ్రౌండ్ ఫ్లోర్లో, మెట్ల కింద, నేనే పెట్టించాను. అన్నీ మునిగాయి. ఒక టీచరమ్మ గారు మాత్రం 'కింద పిల్లలు తాకుతారయ్యా' అని మొదటి అంతస్తు వసారాలో పెట్టించుకున్నారు. ఆ రోజు నేను మొహం మాడ్చుకున్నా, బ్యాటరీలు పైకి మోయాలి కదా అని. వరదలో ఆ వీధి వీధంతా ఆవిడ ఇంట్లోనే ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంది. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మా నాన్న చెప్పేటప్పుడు తాటిచెట్టంత అల అనేవాడు. నేను అతిశయం అనుకునేవాణ్ని. బ్యాటరీ గది ఊళ్లో ఎత్తైన చోట ఉండాలి, ఒడ్డుకి దగ్గరైతే కేబుల్ ఖర్చు తగ్గుతుందని ఎవరన్నా చెప్తే వినకు.

బెంజిసర్కిల్_బాబాయ్

అసలు బ్యాటరీ ఎందుకండీ ఇంత గొడవ. దీవుల్లో కొండలుంటాయి కదా. పగలు సోలార్‌తో నీళ్లు కొండ మీది ట్యాంకుకి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పితే సరి. మన నాగార్జునసాగర్‌లో చేసేది అదేగా? నీళ్లకి ఆయుష్షు, డిస్టిల్డ్ వాటర్ గొడవ ఏమీ ఉండదు.

గుణదల_రిటైర్డ్

బాబాయ్ గారి ప్రశ్నకి నేను జవాబు చెప్తాను. జలవిద్యుత్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, అందులో కొంతకాలం సాగర్‌లోనే.

సాగర్‌లో 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్లవి ఏడు. ఆ ఏడూ రివర్సిబుల్, అంటే అటు తిప్పితే టర్బైన్, ఇటు తిప్పితే పంపు. కింద సత్రశాల దగ్గర నీళ్లు నిలిస్తేనే పైకి పంపు చేయడానికి ఏదన్నా ఉంటుంది. పైన జలాశయం ఒక్కటే కాదు, కింద కూడా ఒకటి కావాలి. ఈ రెండో చెరువు సంగతి అందరూ మర్చిపోతారు.

ఇప్పుడు చిన్న లెక్క. మన ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, పది మీటర్ల ఎత్తు. ఆ నీళ్లన్నీ కిందికి వదిలితే వచ్చే శక్తి ఎంతో తెలుసా? 27 వాట్-అవర్లు. తొమ్మిది వాట్ల బల్బు మూడు గంటలు వెలుగుతుంది, అదీ ఏ నష్టమూ లేకపోతే. ఆ దీవిలో వంద మీటర్ల కొండ ఉందనుకుని, 120 యూనిట్లు దాచాలంటే చిన్న యంత్రాల నష్టాలు కలుపుకుని ఆరు లక్షల లీటర్లు కావాలి. మన ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నూట ఇరవై. పైన అంత, కింద అంత, మధ్యలో పైపు. భూకంపాలు వచ్చే నేల మీద. 2024 డిసెంబర్ 17న పోర్ట్ విలా దగ్గర 7.3 తీవ్రతతో వచ్చింది కదా. ఇరవై నాలుగు పెట్టెలతో అయ్యే పనికి ఇదంతా అవసరం లేదు. (ఆ పెట్టెల ర్యాకుల్ని మాత్రం గోడకీ నేలకీ బోల్టులతో బిగించాలి బాబూ, అందుకే చెప్పాను.)

పెద్ద దీవికి ఇది పనికొస్తుంది. స్పెయిన్ వాళ్ల ఎల్ హియెర్రో దీవిలో 2014లో కట్టారు. 11.5 మెగావాట్ల గాలిమరలు, పాత అగ్నిపర్వతం నోట్లో పై చెరువు, ఆరొందల మీటర్లకు పైగా ఎత్తు తేడా. వరసగా వారాల తరబడి డీజిల్ ముట్టకుండా నడిపిన రోజులున్నాయి. అయినా ఏడాది మొత్తం చూస్తే డీజిల్ పూర్తిగా పోలేదు. వనువాటులోనే శాంటో దీవిలో సారకాటా నది మీద జపాన్ సాయంతో కట్టిన 1.2 మెగావాట్ల కేంద్రం లుగాన్‌విల్‌కి కరెంటు ఇస్తోంది. పారే నదికి పైకి ఎక్కించే పనే లేదు. నీ ఊరి వెనక ఎండాకాలంలో కూడా ఆగని వాగు ఏదన్నా ఉంటే ముందు దాన్ని కొలువు. ఐదు కిలోవాట్లు వచ్చినా అది రాత్రంతా వస్తుంది, రోజుకి 120 యూనిట్లు! అలాంటి వాగు దొరికితే ఆటోనగర్ ఆయన బ్యాటరీలు సగం అమ్ముడుపోవు.

గాలి గురించి ఎవరూ అడగలేదు గానీ, రాజధాని ఉన్న ఎఫాటే దీవిలో డెవిల్స్ పాయింట్ దగ్గర గాలిమరలున్నాయి. తుఫాను వస్తోందంటే స్తంభాలతో సహా వాటిని నేల మీద పడుకోబెడతారు. తెలివైన పని. కానీ 120 ఇళ్ల ఊరికి తిరిగే యంత్రాలు వద్దు.

ప్యానెళ్లు పడుకోబెట్టలేం కాబట్టి బిగింపు చూసుకోవాలి. 2015 మార్చిలో పామ్ తుఫాను, 2023 మార్చిలో జూడీ, కెవిన్ అని వారంలోపే రెండు వచ్చిన దేశం అది. 2017లో కరీబియన్ దీవుల్లో ఇర్మా, మరియా తుఫాన్ల తర్వాత ఊడిపోయిన సోలార్ ప్లాంట్లను ఇంజినీర్లు పరిశీలిస్తే, పైన క్లాంపులతో పట్టించిన ప్యానెల్ ఒకటి లేస్తే పక్కది వదులై వరసంతా లేచిపోయిందని తేలింది. ప్రతి ప్యానెల్‌నీ ఫ్రేము కన్నాల్లోంచి బోల్టులేసి, ఊగినా వదులు కాని లాక్‌నట్టుతో బిగించు. రూఫ్‌టాప్‌లో క్లాంపులు అలవాటైన చేతికి ఇది విసుగ్గా ఉంటుంది.

ఇంకొకటి. నీకు అలవాటైన ఇన్వర్టర్లు ఎదురుగా గ్రిడ్ ఉంటేనే పాడతాయి. అక్కడ శ్రుతిపెట్టె ఉండదు. బ్యాటరీ ఇన్వర్టరే 50 హెర్ట్జ్ శ్రుతి (కరెంటు ఫ్రీక్వెన్సీ) పట్టాలి, ప్యానెళ్ల ఇన్వర్టర్లు దాన్ని అందుకోవాలి. బ్యాటరీ నిండాక అది శ్రుతి కాస్త పెంచితే, మిగతావి విని తగ్గిపోతాయి. ఈ రెండు రకాలూ కలిసి పనిచేస్తాయో లేదో ఇక్కడే, నేల మీద, ఓడ ఎక్కించకముందే కలిపి చూడు.

చల్లని_గిడ్డంగి

నాది బ్యాటరీ సబ్జెక్టు కాదు తమ్ముడూ. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ లెక్కలు చూస్తాను. నీ లిస్టులో నా కంటికి ఆగినవి రెండే: టీకాల ఫ్రిజ్, చేపల ఫ్రీజర్లు.

మా దగ్గర కరెంటు పోతే కొత్తవాళ్లు కంగారు పడతారు. పాతవాళ్లు తలుపులు మూసి, 'ఎవ్వరూ తెరవొద్దు' అని కుర్చీ అడ్డం వేసుకుని కూర్చుంటారు. వేల బస్తాలు చల్లబడి ఉన్నాయి, గోడల్లో థర్మోకోల్ ఉంది, ఆ చలి ఎక్కడికి పోతుంది? పూట గడిచినా మీటర్ ముల్లు పెద్దగా కదలదు. నువ్వు కరెంటు దాచాలని చూస్తున్నావు, చలి దాచినా పనవుతుంది. అది చవక.

చేపల ఫ్రీజర్లని రాత్రి నడపకు. టైమర్ పెట్టి పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా ప్యానెళ్ల మీదే నడుపు. లోపల అంచుల వెంట ఉప్పునీళ్ల సీసాలు గడ్డకట్టించి పెడితే తెల్లారేదాకా పట్టుకుంటాయి. మూత మందంగా ఉన్న, పై నుంచి తెరిచే రకం తీసుకోవాలి. నిలువు తలుపుది తెరిచిన ప్రతిసారీ చలి కాళ్ల మీద పోసేసుకున్నట్టే.

టీకాల ఫ్రిజ్‌ని అసలు నీ ఊరి లైనుకే కలపొద్దు. మా ఆడపడుచు ఆరోగ్య శాఖలో టీకాల స్టోరు చూస్తుంది, తనని అడిగి రాస్తున్నా. బ్యాటరీ లేకుండా నేరుగా ప్యానెల్ మీద నడిచే ఫ్రిజ్‌లు ఉన్నాయి. పగలు లోపల చుట్టూ ఉన్న నీళ్లు గడ్డకడతాయి, ఆ గడ్డే బ్యాటరీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న రకాలు ఎండ లేకపోయినా కనీసం మూడు రోజులు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య నిలుపుతాయి. దానికి దాని ప్యానెళ్లు వేరే, దాని తాళం వేరే. ఊళ్లో ఎవరో ఇస్త్రీ పెట్టె పెట్టి ఇన్వర్టర్ ట్రిప్ చేస్తే పిల్లల టీకాలు పోకూడదు కదా.

గుంటూరు_సోలార్

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని లెక్క మళ్లీ వేశాను. ఫ్రీజర్లు పగటికి మారిస్తే, టీకాల ఫ్రిజ్ బయటికి తీస్తే, రాత్రి వాడకం 54 యూనిట్ల నుంచి 41కి వచ్చింది. ఇరవై ఏడు రోజుల కుళాయి లెక్క సంస్థ వాళ్లకి మెయిల్ పెట్టాను. కన్సల్టెంట్ నుంచి 'నోటెడ్' అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

సార్, వాగు ఉందట! ఎండాకాలంలో ఉంటుందా అని అడిగితే ఒకరు ఉంటుందన్నారు, ఒకరు ఉండదన్నారు. వెళ్లి చూడాల్సిందే.

జనరేటర్‌కి కొబ్బరినూనె వాడొచ్చా అని పెద్దలు అడుగుతున్నారు. ఆ దేశంలో డీజిల్‌లో కొబ్బరినూనె కలిపి కరెంటు తీసిన అనుభవం ఉంది. ఊళ్లో కురిడీ ఎలాగూ ఉంది. ఇంకొకటి, నెలకి ఇంటికి ఎంత వసూలు చెయ్యాలి? సంస్థ వాళ్లు మొదటి రెండేళ్లు ఉచితం అంటున్నారు.

ఆటోనగర్_బ్యాటరీ

కొబ్బరినూనె మండుతుంది, అందులో సందేహం లేదు. కానీ డిసెంబర్‌లో మనింట్లో సీసా గడ్డకట్టదూ? ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర దానికి అదే బుద్ధి. అక్కడ చలికాలం జూలైలో, రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. ఫిల్టర్‌లో పేరుకుంటుంది. బాగా వడగట్టి, డీజిల్‌లో కొంచెం కలిపితే పర్లేదు. డీజిల్‌తో స్టార్ట్ చేసి, డీజిల్‌తోనే ఆపాలి. ఏడాదికి పదిహేను సార్లు తిరిగే ఇంజిన్ మీద ఈ ప్రయోగం నేనైతే చెయ్యను. కురిడీ అమ్ముకోమను.

ఉచితం మాత్రం ఒద్దు తమ్ముడూ. పటమటలో ఒక అపార్ట్‌మెంట్‌కి లిఫ్టు బ్యాకప్ పెట్టాను. మొదటి రోజే చెప్పాను, నెలకి ఇంటికి నూట యాభై పక్కన వేసుకోండి, ఏడేళ్లకి కొత్త బ్యాటరీలకి సరిపోతుందని. వేశారు. ఐదో ఏడు ఆ డబ్బుతో బిల్డింగ్‌కి రంగులు వేయించారు. ఏడో ఏడు బ్యాటరీలు పోయాయి. ఐదో అంతస్తులో ఉండే పెద్దాయన మెట్లెక్కలేక నాకు ఫోన్ చేసి తిట్టాడు, రంగులు వేసింది నేనైనట్టు.

అందుకని రెండు డబ్బాలు పెట్టించు. ఒకటి జీతానికీ డీజిల్‌కీ, ఊళ్లో ఖర్చుపెట్టుకోవచ్చు. రెండోది బ్యాటరీకి, అది పోర్ట్ విలా బ్యాంకులో, ముగ్గురు సంతకాలు చేస్తే గానీ రాకూడదు. ఆ ముగ్గురిలో ఒకరు తప్పకుండా ఆడమనిషి. ముందే డబ్బు కట్టి వాడుకునే ప్రీపెయిడ్ మీటర్లు పెడితే వసూలు గొడవ ఉండదు. కురిడీ అమ్మిన వారం ఎక్కువ వేసుకుంటారు, లేని వారం రెండు బల్బులతో సరిపెట్టుకుంటారు. ధర నువ్వు చెప్పకు. ఇప్పుడు నెలకి కిరోసిన్‌కీ, టార్చి సెల్స్‌కీ, ఫోన్ చార్జింగ్‌కీ ఎంత పోతోందో ఇల్లిల్లూ అడిగి రాసుకో. ధర దానికి మించకుండా ఉండాలి.

ఇంకోటి. నువ్వు రెండేళ్లకి వచ్చేస్తావు. అక్కడ ఇద్దరు పిల్లల్ని పట్టుకో, చదువు కంటే చెయ్యి ఆడేవాళ్లని. పడవ ఇంజిన్ విప్పి బిగించేవాడు దొరికితే వాడే నీ ఇంజినీరు. వాళ్లకి నేర్పాలంటే ముందు నీకు రావాలి. కేబుల్‌కి లగ్గు (చివర తొడిగే లోహపు ముక్క) సరిగ్గా నొక్కడం రానివాళ్ల వల్ల కాలిపోయిన టెర్మినళ్లు మా షాపులో డబ్బా నిండా ఉన్నాయి, చూపిస్తాను. ఈ ఆదివారం గుంటూరు నుంచి పొద్దున బస్సెక్కు. ముందు షట్టర్ మూసి ఉంటుంది, వెనక సందులోంచి రా. సాయంత్రం దాకా పెట్టెలు విప్పి బిగిద్దాం. భోజనం మా ఇంట్లోనే. మల్టీమీటర్ మాత్రం నీది తెచ్చుకో, నాది ఎవరికీ ఇవ్వను.